చెక్కపెట్టె టెలిఫోను: పునరుద్ధరణపై ఒక విమర్శ

అమెరికాలో పాత వస్తువులు అమ్మే దుకాణాలలో చెక్కతో చేసిన గోడ టెలిఫోను తరచుగా కనిపిస్తుంది. తేనెరంగు ఓక్ పెట్టె, పైభాగంలో జంట గంటలు, కుడిప్రక్క త్రిప్పే హాండిలు, ఎడమప్రక్క కొక్కానికి వ్రేలాడే నల్లని గ్రాహకం, నడుమ ముందుకు చాచిన మాట్లాడే గరాటు, క్రింద వ్రాసుకొనుటకు వాలుగా అమర్చిన చిన్న బల్ల. ఇత్తడి భాగాలు అద్దంవలె మెరుస్తుంటాయి. ఎంత చక్కగా బాగుచేసినారో అని చూచినవారు మెచ్చుకొంటారు.

ఈ మెప్పు ఎంతవరకు న్యాయమో పరిశీలించవలసి ఉన్నది. ఆ కాలపు టెలిఫోన్లలో చాలావాటికి ఇత్తడి పైకి కనిపించేది కాదు. దానిపై తెల్లని నికెల్ పూత ఉండేది. మెరుపు కోసం ఆ పూతను గీకివేసినారు. పెట్టె తలుపు తెరచి చూస్తే కొన్నిటిలో యంత్రభాగాలే ఉండవు. వాటిని తీసివేసి రేడియోనో, మసాలా సీసాల అరలనో అమర్చినారు. అంటే బాగుచేయబడినదని మెచ్చుకొన్న వస్తువు నిజానికి పాడుచేయబడినది. పాత యంత్రాన్ని గుర్తించడంలోను, పునరుద్ధరించడంలోను జరిగే పొరపాట్లకు మూలం ఒక్కటే: యంత్రాన్ని చదువక ముందే దానిని దిద్దబూనడం.

పెట్టెలో ఏమున్నది?

గ్రాహంబెల్ టెలిఫోను పేటెంటు 1876 మార్చి 7వ తేదీది. అయితే గోడకు తగిలించిన ఆ చెక్కపెట్టె ఒక్క మనిషి సృష్టి కాదు. బెల్ సహాయకుడైన థామస్ వాట్సన్ 1878లో గంటను రూపొందించినాడు. కర్బన రేణువులతో పనిచేసే ప్రేషకాన్ని అదే సంవత్సరం ఇంగ్లండులో హెన్రీ హన్నింగ్స్ కనిపెట్టినాడు. దానిని ఆంథొనీ వైట్ మెరుగుపరచగా 1892లో పేటెంటు లభించినది. పెట్టెలోని ప్రతి భాగమూ ఒక చిక్కుకు సమాధానం.

మొదటి చిక్కు మాటను దూరం పంపడం. ప్రేషకంలో కర్బన రేణువుల ప్రక్కన ఒక పలుచని పలక ఉంటుంది. మాట తాకినప్పుడు పలక కదలి రేణువులు నొక్కుకొంటాయి, వదులవుతాయి. తదనుగుణంగా వాటి నిరోధం తగ్గుతూ, పెరుగుతూ ఉంటుంది. ప్రేషకం నిరోధం 30 ఓములనీ, మాటవలన అది 3 ఓములు మారుతుందనీ అనుకొందాం. 1,000 ఓముల నిరోధంగల పొడవైన తీగతో దానిని నేరుగా కలిపితే మొత్తం 1,030 ఓములలో ఆ 3 ఓముల మార్పు నూటికి 0.3 వంతు మాత్రమే. అవతలి గ్రాహకానికి అది చాలదు. ప్రేషకాన్ని పెట్టెలోని రెండు ఘటాలతోను, ప్రేరణ చుట్ట యొక్క ప్రాథమికంతోను కలిపి ఒక చిన్న వలయంగా చేస్తే, మిగిలిన స్వల్ప నిరోధాలను విడిచిపెట్టినచో, అదే మార్పు నూటికి 10 వంతులవుతుంది. ప్రేరణ చుట్ట యొక్క ద్వితీయంలో సన్నని తీగ ఎక్కువ చుట్లుగా ఉంటుంది. అది ఈ మార్పులను అధిక వోల్టేజిగా మార్చి బయటి తీగలోకి పంపుతుంది. పెట్టెలో ఘటాలకు చోటు ఉండడానికి కారణం ఇదే. ఒక్కొక్క పొడిఘటం ఎత్తు 6 అంగుళాలు, వోల్టేజి ఒకటిన్నర. రెండూ కలిసి 3 వోల్టులు.

రెండవ చిక్కు అవతలివారిని పిలవడం. 3 వోల్టులతో మైళ్ళ దూరాన ఉన్న గంట మ్రోగదు. అందుకే హాండిలు. అది త్రిప్పితే పళ్ళచక్రాల ద్వారా, లాడపు ఆకారంగల అయస్కాంతాల నడుమ ఒక తీగచుట్ట వేగంగా తిరుగుతుంది. సుమారు 75 మొదలు 100 వోల్టుల వరకు ఏకాంతర విద్యుత్తు పుడుతుంది. చక్రాల నిష్పత్తి 5 అయి, హాండిలును సెకనుకు 3 సార్లు త్రిప్పితే తీగచుట్ట 15 సార్లు తిరిగి 15 ఆవర్తాల విద్యుత్తునిస్తుంది. ఫారడే ప్రేరణ సూత్రానికి చేతితో త్రిప్పి చూపగల నిదర్శనం ఇంతకంటె మంచిది దొరకదు. మన దేశంలో రైల్వే గేటు కాపలాదారులు స్టేషను మాస్టరును పిలుచుటకు వాడిన మాగ్నెటో టెలిఫోన్లు కూడ ఈ సూత్రంపై పనిచేసినవే.

మూడవ చిక్కు పొదుపు. గ్రాహకాన్ని కొక్కానికి తగిలించగానే దాని బరువుకు కొక్కెం క్రిందికి దిగి ఘటాల వలయాన్ని విడదీస్తుంది. మాటలు లేనప్పుడు ఘటాలు ఖర్చు కావు. చేయి చేసే అలవాటు పని లోపలి మీటను నడుపుతుంది.

గుర్తించడం ఎట్లా?

బెల్ యొక్క రెండు ముఖ్యమైన పేటెంట్ల గడువు 1893, 1894 సంవత్సరాలలో తీరినది. అంతవరకు అమెరికాలో ఈ పరిశ్రమ బెల్ సంస్థ చేతిలో ఉండేది. దానికి 1882 నుండి వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ యంత్రాలు తయారుచేసి ఇచ్చేది. గడువు తీరగానే స్వతంత్ర సంస్థలు పుట్టుకొనివచ్చినవి. షికాగోలో 1894లో స్ట్రాంబర్గ్-కార్ల్‌సన్, 1897లో కెలాగ్ కంపెనీలు ఏర్పడినవి. పల్లెలలోని రైతులు తామే సంఘాలుగా చేరి లైన్లు వేసుకొన్నారు. పశువుల దొడ్ల ముళ్ళకంచె తీగలనే టెలిఫోను తీగలుగా వాడుకొన్నవారు కూడ ఉన్నారు. నేడు మిగిలిన చెక్క టెలిఫోన్లలో ఎక్కువ భాగం ఆ పల్లె లైన్లవే.

పెట్టె ఆకారం కాలాన్ని కొంత చెప్పుతుంది. 1880 దశాబ్దిలో ఒకే పలకపై మూడు పెట్టెలు ఉండేవి. పై పెట్టెలో మాగ్నెటో, నడుమ ప్రేషకం, క్రింద ఘటాలు. తరువాత పెట్టెలు కలిసిపోతూ వచ్చి, 1900 తరువాతి దశాబ్దిలో అన్నీ ఒకే పెట్టెలో ఇమిడినవి. అయితే ఆకారం ఒక్కదానినే నమ్మరాదు.

ప్రేషకం మీదనో, గ్రాహకం మీదనో ముద్రించిన పేటెంటు తేదీలను చూచి, యంత్రం ఆ సంవత్సరంలోనే తయారైనదని చాలామంది ప్రకటిస్తారు. ఇది తర్కదోషం. ఆ తేదీ తయారీ తేదీ కాదు. చివరి తేదీ 1901 అయితే ఆ భాగం 1901కి ముందుది కాదని మాత్రమే రుజువవుతుంది. అది 1912 నాటిదైనా కావచ్చును. తేదీ క్రింది హద్దును చెప్పును గాని పై హద్దును చెప్పదు.

చిన్న వస్తువులే ఒక్కొక్కప్పుడు గట్టి సాక్ష్యమిస్తాయి. తలపై కూడిక గుర్తు ఆకారంలో గాడిగల మరచీలలకు హెన్రీ ఫిలిప్స్ పేటెంట్లు పొందినది 1936లో. 1905 నాటిదని చెప్పే పెట్టెకు అట్టి మరచీల కనిపిస్తే, తరువాత ఎవరో చేయిపెట్టినారన్నమాట. బేక్‌లైటుకు బేక్‌లాండ్ పేటెంటు పొందినది 1909లో. అంతకు ముందటి గ్రాహకం తొడుగులు గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరుతో చేసినవి. ఆ రబ్బరు ఏండ్లకొలది వెలుతురు తగిలితే నలుపు పోయి ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకు తిరుగుతుంది. దానిని మురికి అనుకొని రుద్దేవారున్నారు. అది మురికి కాదు, వయస్సు.

గంటను కూడ పరీక్షించవలెను. కంటికి ఒకేవిధంగా కనిపించే రెండు గంటల చుట్టలలో ఒకదాని నిరోధం 80 ఓములు, మరొకదానిది 1,000 ఓములకు పైన ఉండవచ్చును. మొదటిది యంత్రాలను ఒకదాని వెనుక ఒకటిగా శ్రేణిలో కలిపిన లైనుకు చెందినది. ఆ పద్ధతిలో ప్రతి మాటా దారిలోని గంటలన్నిటి గుండా పోవలసివచ్చి క్షీణించేది. 1890 ప్రాంతంలో జాన్ కార్టీ గంటలను సమాంతరంగా కలిపే పద్ధతిని తెచ్చినాడు. ఒకే లైనుపై 10 ఇండ్లు ఉన్నవనుకొని నిరోధాన్ని మాత్రమే లెక్కించితే, 1,000 ఓముల గంటలు పది సమాంతరంగా కలిసి 100 ఓములవుతాయి. 80 ఓములవైతే 8 ఓములే. చేతితో త్రిప్పే మాగ్నెటో ఆ బరువును మోయలేదు. అంతేకాదు, చుట్ట యొక్క ప్రేరకత వలన కలిగే అడ్డు పౌనఃపున్యంతోపాటు పెరుగుతుంది. 20 ఆవర్తాల పిలుపు విద్యుత్తుకు కలిగే అడ్డుకంటె 1,000 ఆవర్తాల మాట విద్యుత్తుకు కలిగేది 50 రెట్లు. అందుచేత పిలుపు గంటలోకి పోతుంది, మాట గంటను తప్పించుకొని ముందుకు సాగుతుంది. ఓమ్‌మీటరు చూపే ఒక్క అంకె, ఆ యంత్రం ఎట్టి లైనుపై బ్రతికినదో తెలుపుతుంది. చుట్ట తెగినదని, చేతికి దొరికిన వేరొక చుట్టను చడీచప్పుడు లేక అమర్చితే ఆ చరిత్ర తుడిచిపెట్టుకొనిపోతుంది.

మెరుగు చేసే హాని

చెక్కపని చేసేవారు తరచుగా మొదట చేసే పని పాత వార్నిషును ఊడదీయడం. పెట్టెను క్షారద్రవంలో ముంచితే ఓక్ కర్రలోని టానిన్ ఆ క్షారంతో కలిసి కర్ర నల్లబడుతుంది. జంతువుల ఎముకలు, తోలు ఉడికించి చేసిన పాత జిగురు కరగి అతుకులు వదులవుతాయి. గరుకు కాగితంతో రుద్దితే అంచులు గుండ్రబడి, కర్రపై అదిమిన ముద్రలు మాయమవుతాయి. తలుపు లోపలివైపున పెన్సిలుతో వ్రాసిన అంకెలు, అంటించిన కాగితం ముక్కలు ఉండవచ్చును. పల్లె లైనుపై ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క పిలుపు. ఒకరికి రెండు పొడవు మ్రోతలు, ఒక పొట్టి మ్రోత; మరొకరికి ఒక పొడవు, మూడు పొట్టి. ఇరుగుపొరుగుల పిలుపులు గుర్తుంచుకొనుటకు వ్రాసుకొన్న ఆ గీతలు కంపెనీ కాగితాలలో దొరికేవి కావు. గరుకు కాగితం వాటిని నిమిషంలో తుడిచివేస్తుంది.

వార్నిషు నిజంగా పాడైనచోట ఏమి చేయవలెను? ముందు మెత్తని గుడ్డతో దుమ్ము తీసి, కనబడని మూల చిన్నచోట పరీక్షించి, పూత పోయినంతమేరకే లక్కతో తయారుచేసిన పూత పలుచగా వేయవచ్చును. లక్క మన దేశం శతాబ్దాలుగా ప్రపంచానికి ఎగుమతి చేసిన సరుకు. దానికి ఒక గొప్ప గుణమున్నది: సారాయంలో కరుగుతుంది. కనుక నేడు వేసిన పూతను రేపు తీసివేయవచ్చును. కొత్తరకం గట్టి పూతలకు ఈ గుణం లేదు.

మడతబందుల సంగతి మరీ విచిత్రం. కొన్ని పాత పెట్టెలలో తలుపుపై ఉన్న గంటకు విద్యుత్తు తీగ ద్వారా కాక మడతబందుల ద్వారానే వెళ్ళేది. తలుపు తెరచి మూసినప్పుడల్లా తీగ వంగి తెగిపోకుండ ఈ ఏర్పాటు చేసినారు. ఇది తెలియక మడతబందులను మెరుగుపెట్టి, మెరుపు చెడకుండ పైన పూత పూస్తే విద్యుత్తుకు అడ్డుపడుతుంది. గంట మూగపోతుంది. ఆ పైన, యంత్రం పాతబడి పనిచేయుట లేదని నింద.

అసలు రూపం ఏది?

కెలాగ్ పెట్టెకు వెస్టర్న్ ఎలక్ట్రిక్ గ్రాహకం కనిపిస్తే, ఇది అతుకుల బొంత అని సేకర్తలు పెదవి విరుస్తారు. వెంటనే ఆ గ్రాహకాన్ని తీసివేసి కెలాగ్ గ్రాహకం వెదకి తెచ్చి తగిలిస్తారు. ఇప్పుడు జత కుదిరినదని సంతోషిస్తారు. ఇక్కడ ఆగి ఆలోచించవలెను. ఆ గ్రాహకాన్ని మార్చినది ఎవరు? నిన్నటి వ్యాపారి అయితే దానికి విలువ తక్కువ. కాని పిడుగుపాటుకో, క్రిందపడి పగిలినందుకో ఆ ఊరి లైను పనివాడు తన సంచిలో ఉన్నదానిని తగిలించి ఉంటే, ఆ అతుకే దాని నిజమైన జీవితం. బెల్ సంస్థ తన యంత్రాలను అమ్మక అద్దెకిచ్చేది. తిరిగివచ్చినవాటిని బాగుచేసి, కొత్త భాగాలు వేసి మరల పంపేది. మూడు పెట్టెల టెలిఫోన్లలో మొదట ఉన్న బ్లేక్ ప్రేషకాలను తీసివేసి, తరువాత వైట్ రకపు ప్రేషకాలు వేసినారు. నేడు ఎవరైనా ఆ వైట్ ప్రేషకాన్ని పారవేసి, బ్లేక్ ప్రేషకానికి కొత్తగా చేసిన నకలును అమర్చి 1882 నాటి రూపమని చూపితే, ఉన్న సాక్ష్యాన్ని తీసివేసి లేని సాక్ష్యాన్ని సృష్టించినట్లే.

ఈ రెండు రకాల అతుకులను వేరుచేసే ఆధారాలు వస్తువు మీదనే ఉంటాయి. భాగం క్రింద కర్ర రంగు లేతగా ఉండి, దాని ఆకారంతో సరిపోతే అది చాలాకాలం అక్కడే ఉన్నది. ప్రక్కన ఖాళీ మరరంధ్రాలు ఉంటే వేరొక భాగం అక్కడ ఉండేది. రంధ్రాలలో పాత మురికి ఉన్నదా, తాజా కర్ర కనిపిస్తున్నదా చూడవలెను. ఇదంతా గరుకు కాగితం తాకకముందు చేయవలసిన పని.

1964లో వెనిస్ నగరంలో సమావేశమైన వాస్తుశిల్పులు, నిపుణులు చారిత్రక కట్టడాల విషయమై ఒక ఒడంబడిక కుదుర్చుకొన్నారు. ఊహ మొదలయ్యేచోట పునరుద్ధరణ ఆగిపోవలెననీ, కొత్తగా చేర్చినది పాతదానితో ఇమడవలెను గాని పాతదిగా భ్రమింపజేయకూడదనీ దాని సారాంశం. కట్టడాలకు చెప్పిన ఈ నియమం చెక్కపెట్టెకు కూడ చక్కగా సరిపోతుంది.

మ్రోగితే చాలునా?

అలంకారప్రియుల తప్పులు సరే, యంత్రప్రియులు చేసే తప్పులు కూడ ఉన్నవి. యంత్రం పనిచేయవలెనన్న పట్టుదలతో లోపలి భాగాలన్నీ తీసివేసి కొత్త టెలిఫోను పలకను బిగించేవారున్నారు. గంట మ్రోగుతుంది, మాట వినబడుతుంది. కాని పనిచేస్తున్నది లోపల దాగిన వేరొక టెలిఫోను. పాతది దానికి పెట్టె మాత్రమే.

మరికొందరు అవసరం లేకున్నా మాగ్నెటోను విప్పుతారు. పాత ఉక్కు అయస్కాంతాల నడుమనుండి ఇనుప గర్భంగల తీగచుట్టను తీసివేసి, ధ్రువాలకు అడ్డంగా ఇనుపముక్క పెట్టకుండ వదలితే వాటి బలం తగ్గుతుంది. తిరిగి బిగించేటప్పుడు సజాతి ధ్రువాలన్నీ ఒకేవైపున ఉండవలెను. అట్లా పెట్టినప్పుడు అవి ఒకదానినొకటి నెట్టుకొంటాయి. నెట్టుకొంటున్నవని ఒకదానిని త్రిప్పి పెడితే చక్కగా అతుక్కుంటాయి గాని, ఒకదాని బలాన్ని ఒకటి వమ్ము చేస్తాయి. గ్రాహకంలోని పలుచని ఇనుప పలకను కూడ గోటితో పైకి లేపరాదు. అంచువైపుకు జరిపి తీయవలెను. లేనిచో వంగి, మాట మందగిస్తుంది. ప్రేషకంలో రేణువులు గడ్డకట్టితే దానిని విప్పుటకంటె మెల్లగా తట్టి చూడడం మేలు.

అట్లని ఏమీ తాకకపోవడమే నీతి అనడం కూడ సరికాదు. కారిన పాత ఘటాన్ని అట్లే వదలితే దాని రసాయనాలు కర్రను, ఇత్తడిని తింటూనే ఉంటాయి. పురుగు పట్టిన పలకను చూస్తూ ఊరుకొంటే కొంతకాలానికి చూచుటకే ఏమీ మిగలదు. క్షయాన్ని ఆపవలెను. తీగ తొడుగు రాలిపోయినచోట కొత్త తీగ వేయవచ్చును. అయితే పాత తీగను పారవేయక చీటి కట్టి దాచవలెను. చేసిన పని తరువాతివారికి తెలియవలెను, వీలైతే వారు దానిని వెనుకకు త్రిప్పగలగవలెను. పునరుద్ధరణను కొలుచుటకు మెరుపుకంటె, మ్రోతకంటె సరియైన కొలబద్ద ఇదే.

పాఠశాలకు ఇందులో ఏమున్నది?

ఉన్నత పాఠశాలకు ఇట్టి యంత్రం లభించినచో, లేదా మరొక పాత మాగ్నెటో టెలిఫోను దొరికినచో, ఉపాధ్యాయుడు విద్యార్థుల చేతికి మొదట స్క్రూడ్రైవరు ఇవ్వరాదు, నోటుపుస్తకం ఇవ్వవలెను. బయటి ముద్రలు, తేదీలు వ్రాసుకొనడం, మరచీలల రకాలు చూడడం, లోపలి తీగల మార్గం బొమ్మగా గీయడం, చక్రాల పళ్ళు లెక్కించి నిష్పత్తి కట్టడం, గంట నిరోధం కొలవడం మొదటి వారపు పని. ఈ కొలతల నుండి, ఈ యంత్రం ఎట్టి లైనుపై పనిచేసినది, ఏ సంవత్సరానికి ముందుది కాజాలదు అన్న ప్రశ్నలకు వారే సమాధానం రాబట్టగలరు. భౌతికశాస్త్రం, చరిత్ర ఇక్కడ ఒకే పాఠమవుతాయి.

రెండు జాగ్రత్తలు అవసరం. హాండిలు త్రిప్పేటప్పుడు తీగల కొనలను ఎవరూ పట్టుకొనరాదు. ఆ 100 వోల్టులు చేతిని గట్టిగా కుదుపుతాయి. నేటి టెలిఫోను లైనుకు దానిని కలుపరాదు. రెండు యంత్రాలు ఉంటే, రెండు గదుల మధ్య తీగ లాగి, ఒక్కొక్కదానికి 3 వోల్టుల ఘటాలు అమర్చి మాట్లాడవచ్చును.

చివరకు చేసిన ప్రతి మార్పును తేదీతో ఒక కాగితంపై వ్రాసి, ఘటాల కోసం కేటాయించిన ఖాళీలోనే భద్రపరచవలెను. ఏది పాతది, ఏది కొత్తది, ఏది ఎందుకు మార్చబడినది అందులో ఉండవలెను. ముప్పది సంవత్సరాల తరువాత ఆ తలుపు తెరిచే విద్యార్థికి, లైను పనివాడు చేసిన అతుకు ఏదో, పాఠశాల చేసిన అతుకు ఏదో ఆ కాగితం చెప్పుతుంది. ఆ కాగితం లేని పెట్టె ఎంత మెరిసినా, దాని పునరుద్ధరణ పూర్తికాలేదనే చెప్పవలెను.